ఒంటికి అందని అంకె: స్త్రీల రెడీమేడ్ దుస్తుల కొలతల చరిత్ర

పూసలూ, అద్దాలూ, అనవసరపు కుచ్చులూ లేని ఒక సాదా నూలు కుర్తీ, భుజం జారకుండా, చంక కింద పట్టేయకుండా, తుంటి దగ్గర బిగుసుకోకుండా ఒంటికి అమరేది, రెడీమేడ్ దుకాణంలో దొరకడం ఈనాటికీ కష్టంగానే ఉంది. గుట్టలుగా పేర్చిన బట్టల మధ్య ఒక్కటీ సరిపోక ఉత్త చేతులతో తిరిగివచ్చే స్త్రీ చాలాసార్లు తప్పును తన శరీరం మీదనే వేసుకుని, ఒళ్లు వచ్చిందనో, భుజాలు మరీ సన్నమనో సర్దిచెప్పుకుంటుంది. ఆ నింద ఎంతమాత్రం న్యాయమైనది కాదు. కాలరు లోపల కుట్టిన చిన్న చీటీ మీది అంకెకు దాదాపు నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో స్త్రీ శరీరాన్ని నిజంగా కొలిచిన సందర్భాలు కొద్ది, కొలిచిన తరువాత కూడా ఆ కొలతలు చెప్పిన మాటను పక్కనపెట్టి వ్యాపారానికి వీలైన దారిని ఎంచుకున్న సందర్భాలే ఎక్కువ.

రెడీమేడ్ దుస్తుల కొలతలకు తొలి పెద్ద ఊతం యుద్ధం నుంచి వచ్చింది. 1861 నుంచి 1865 వరకు సాగిన అమెరికా అంతర్యుద్ధంలో లక్షలాది మంది సైనికులకు యూనిఫారాలు కుట్టించవలసి వచ్చినప్పుడు, కొన్ని కొలతలు కలిసికట్టుగా మళ్లీ మళ్లీ కనబడుతున్నట్టు తయారీదారులు గమనించారు. ఛాతీ చుట్టుకొలత ఇంత ఉన్న మగవాడికి నడుము సుమారుగా ఇంత, చేయి పొడవు ఇంత అన్న అంచనా చాలావరకు పనిచేసింది. యుద్ధం ముగిశాక పురుషుల కోట్ల వ్యాపారమంతా ఆ అంచనా మీదనే నడిచింది. ఒకే ఒక కొలతను ఆధారంగా తీసుకుని తక్కినవన్నీ దానికి అనుపాతంలో ఉంటాయని భావించే ఈ పద్ధతినే తరువాతి కాలంలో స్త్రీల దుస్తులకూ అంటగట్టారు. చిక్కంతా అక్కడే మొదలయింది. ఛాతీ కొలత ఒకటే ఉన్న ఇద్దరు స్త్రీలకు నడుములో, తుంటిలో, వీపు పొడవులో ఎంతో తేడా ఉండవచ్చు. వయసు, కాన్పులు, చేసే పని ఆ తేడాను మరింత పెంచుతాయి.

అయినా పందొమ్మిదో శతాబ్దం చివరివరకు ఈ చిక్కు పెద్దగా బయటపడలేదు, ఎందుకంటే స్త్రీల బట్టలు ఎక్కువగా ఇంట్లోనో దర్జీ దగ్గరనో తయారయ్యేవి. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్టెర్లింగ్‌కు చెందిన ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ 1863లో వేర్వేరు సైజుల్లో కత్తిరించిన కాగితపు నమూనాలను, అంటే గుడ్డ మీద పరిచి ఆ అంచుల వెంబడి కత్తిరించుకోవడానికి వీలైన మూసలను అమ్మడం ప్రారంభించాడు. ఆ కాగితం కొన్న గృహిణి దాన్ని తన ఒంటికి తగినట్టు కాస్త పెంచుకునేది, కాస్త మడిచేది. తుది నిర్ణయం ఆమె చేతిలోనే ఉండేది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో న్యూయార్క్ కర్మాగారాల నుంచి జాకెట్లూ గౌనులూ రాశులుగా వెలువడడం మొదలయ్యాక ఆ నిర్ణయం ఆమె చేయి దాటిపోయింది. అప్పటి అంకెలకు ఒక కట్టుబాటు లేదు: పెద్దల దుస్తులకు ఛాతీ అంగుళాలు, యువతుల దుస్తులకు వయసు ఆధారం. 16 అన్న అంకె పదహారేళ్ల అమ్మాయి శరీరాన్ని ఊహించి పెట్టినది కాగా, సన్నగా ఉండే నడివయసు స్త్రీ కూడా ఆ అంకెనే వెతుక్కోవలసి వచ్చేది. కేటలాగు చూసి తపాలాలో తెప్పించుకునే వ్యాపారం పెరిగేకొద్దీ సరిపోక వెనక్కి వచ్చే పార్శిళ్లూ పెరిగాయి, ఆ నష్టం భరించలేకనే వ్యాపారులు ప్రామాణిక కొలతల కోసం ప్రభుత్వం వైపు చూశారు.

స్త్రీల శరీరాన్ని శాస్త్రీయ పద్ధతిలో, పెద్ద సంఖ్యలో కొలిచే ప్రయత్నం అమెరికా వ్యవసాయ శాఖలోని గృహ ఆర్థికశాస్త్ర విభాగం ఆధ్వర్యంలో 1939లో ప్రారంభమయింది. ఆర్థిక మాంద్యంలో నిరుద్యోగులకు పని కల్పించిన సహాయ నిధుల నుంచి దీనికి సొమ్ము సమకూరింది. రూత్ ఓబ్రయన్, విలియం షెల్టన్ నాయకత్వంలో, శిక్షణ పొందిన బృందాలు పలు రాష్ట్రాల్లో తిరిగి, ఏడాది కాలంలో సుమారు 15 వేల మంది స్త్రీలను, ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున నమోదు చేశాయి. ఎత్తు, నడుము, ఛాతీ వంటివే కాక, మెడ మొదలు నుంచి భుజం కొస వరకు, మోచేయి వంచినప్పుడు చేయి పొడవు, కూర్చున్నప్పుడు తుంటి చుట్టుకొలత వంటి వివరాలపై కూడా శ్రద్ధ పెట్టిన ఆ కృషి మెచ్చుకోదగినది. 1941లో వెలువడిన నివేదిక తేల్చిన విషయం కూడా స్పష్టమే: ఛాతీ ఒక్కటే స్త్రీ శరీరాన్ని చెప్పలేదు, నిలువు కొలత ఒకటి, అడ్డ కొలత ఒకటి కలిస్తేనే, ముఖ్యంగా ఎత్తూ బరువూ కలిస్తేనే, తక్కిన కొలతలను కొంత నమ్మకంగా అంచనా వేయవచ్చు. దుకాణాల్లో తూకపు యంత్రాలు పెట్టడం, స్త్రీలను బరువు అడగడం ఆచరణలో కుదరదన్న అభ్యంతరంతో ఆ మార్గం ముందుకు సాగలేదు.

ఆ సర్వేలో క్షమించరాని లోపం ఒకటి ఉంది. శ్వేతజాతికి చెందని స్త్రీలు కొలతలకు వచ్చినా వారి వివరాలను లెక్కలోకి తీసుకోలేదు. శ్వేతజాతి స్త్రీల కొలతలే అమెరికా స్త్రీల కొలతలుగా చలామణి అయ్యాయి. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారినే కొలిచారు కనుక, తీరిక లేని శ్రామిక స్త్రీలకు అందులో ఎంత చోటు దక్కిందన్నదీ అడగవలసిన ప్రశ్నే. ఒక దేశపు సర్వేలోనే ఇంతమందిని వదిలేస్తే, ఆ పట్టికలను అరువు తెచ్చుకున్న దేశాల స్త్రీల గతి ఏమిటో ఊహించవచ్చు.

సగటు శరీరం అనే భావన ఎంత బలహీనమైనదో 1945లో క్లీవ్‌లాండ్ నగరంలో బయటపడింది. వైద్యుడు రాబర్ట్ డికిన్సన్, శిల్పి ఏబ్రమ్ బెల్‌స్కీ కలిసి వేల మంది యువతుల కొలతల సగటుతో రూపొందించిన 'నార్మా' అనే స్త్రీ విగ్రహం అప్పటికి ఆ నగరపు ఆరోగ్య ప్రదర్శనశాలకు చేరింది. ఆ విగ్రహానికి అతి దగ్గరగా ఉన్న స్త్రీ ఎవరో తేల్చడానికి స్థానిక దినపత్రిక ఒక పోటీ నడిపింది. 3,864 మంది తమ కొలతలు పంపారు. పోటీకి లెక్కలోకి తీసుకున్న తొమ్మిది కొలతల్లోనూ నార్మాతో సరితూగిన స్త్రీ ఒక్కరూ లేరు. కేవలం ఐదు కొలతలు సగటుకు దగ్గరగా ఉన్నవారే 40 మందికి లోపు. తొమ్మిది కొలతల్లో ప్రతి ఒక్కదానికీ సగటు ఉంటుంది గాని, ఆ సగటులన్నీ ఒకే మనిషిలో కలిసి ఉండడం దాదాపు అసాధ్యమన్న గణిత సత్యాన్ని ఆ పోటీ కళ్లకు కట్టింది. విచారమేమిటంటే, అప్పటి వ్యాఖ్యాతల్లో చాలామంది దానినుంచి నేర్చుకున్నది వేరు: విగ్రహాన్ని శంకించడానికి బదులు, అమెరికా స్త్రీలు సరైన ఆకృతిలో లేరని, వ్యాయామం చేయడం లేదని చింతించారు. బట్టల గదిలో అద్దం ముందు నిలబడిన స్త్రీ తనను తాను నిందించుకునే అలవాటుకు మూలం ఇటువంటి తర్కంలోనే ఉంది.

తపాలా వ్యాపారుల సంఘం కోరిక మీద అమెరికా వాణిజ్య శాఖ ఓబ్రయన్, షెల్టన్‌ల లెక్కలను తిరగతోడి 1958లో ఒక ప్రమాణం ప్రచురించింది. 8 నుంచి 38 వరకు సరి అంకెలు, ప్రతి అంకె పక్కన పొడుగు, మధ్యరకం, పొట్టి అని చెప్పే అక్షరం, తుంటి పెద్దదో చిన్నదో తెలిపే గుర్తు ఉండడం దాని విశేషం. కాగితం మీద ఇది మంచి ఏర్పాటు. దుకాణానికి మాత్రం మోయలేని భారం. మూడు ఎత్తులు, మూడు రకాల తుంట్లు కలిస్తే ఒక్కో అంకెకు తొమ్మిది రకాలు కుట్టాలి, రెండు మూడు రంగులయితే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది, అమ్ముడుపోని సరుకు అంతా నష్టమే. అందువల్ల తయారీదారులు అంకెను ఉంచుకుని అక్షరాన్నీ గుర్తునూ వదిలేశారు. పాటించి తీరాలన్న నిర్బంధం లేని ఆ ప్రమాణాన్ని 1970 ప్రాంతంలో సవరించినా నిలబడలేదు, 1983లో ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. అటుపైన ఎవరి అంకె వారిదే అయింది. కొనేవారికి సంతోషం కలిగించడానికి పెద్ద కొలతకు చిన్న అంకె తగిలించే పద్ధతి ప్రబలింది. 1958 ప్రమాణంలో 8 అంకెకు నడుము 23.5 అంగుళాలు కాగా, ఇప్పటి అమెరికా బ్రాండ్లలో అదే అంకె మీద దానికంటే ఎన్నో అంగుళాల పెద్ద దుస్తులు దొరుకుతాయి.

అంకెలు చక్కబడినంత మాత్రాన బట్ట అమరుతుందన్న నమ్మకం కూడా లేదు, కారణం కర్మాగారపు పని తీరులో ఉంది. ప్రతి కంపెనీ ఒక మధ్య సైజు మోడల్ శరీరం మీద నమూనా సరిచూసుకుని, తక్కిన సైజులను దానినుంచి అనుపాతంలో పెంచుతూ తగ్గిస్తూ పోతుంది. దీన్నే గ్రేడింగ్ అంటారు. ఒళ్లు పెరిగినప్పుడు ఛాతీ, పొట్ట, తుంటి పెరిగినంతగా భుజపు ఎముక పెరగదు, మెడ పెరగదు. గ్రేడింగ్ మాత్రం భుజాన్నీ మెడనూ కూడా వెడల్పు చేస్తుంది, ఫలితంగా పెద్ద సైజు కుర్తీ ఛాతీకి సరిపోతే భుజం జారిపోతుంది. ఈ తప్పులను సాగే దారం, నడుము దగ్గర ఎలాస్టిక్కు, కుచ్చులు, ఎంబ్రాయిడరీ కొంతవరకు కప్పిపుచ్చుతాయి. అలంకారం లేని గుడ్డకు ఆ ముసుగు ఉండదు: డాట్లు, అంటే ఒంపుల కోసం వేసే మడత కుట్లు, అంగుళం పక్కకు జరిగినా, చంక చుట్టుకొలత కాస్త తగ్గినా ముడత కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సాదా దుస్తులు అరుదు కావడానికి ఇది ఒక ప్రధాన కారణం. చూడడానికి తేలికగా ఉన్న ఆ వస్త్రం కత్తెర పట్టిన చేతికి చాలా ఎక్కువ శ్రమ.

ఈ చిక్కును వేరే వైపునుంచి విప్పిన డిజైనర్ క్లేర్ మెకార్డెల్. మేరీలాండ్ రాష్ట్రంలోని ఫ్రెడరిక్‌లో 1905లో పుట్టి, న్యూయార్క్‌లోని పార్సన్స్ విద్యాలయంలో చదువుకున్న ఆమె, శరీరాన్ని అంకెలో ఇరికించే బదులు, వస్త్రాన్నే శరీరానికి అనుగుణంగా బిగించుకునేలా కుట్టింది. 1938లో ఆమె రూపొందించిన 'మొనాస్టిక్' గౌనుకు నడుము అంటూ లేదు. భుజాల నుంచి వదులుగా జాలువారే ఆ గుడ్డను ధరించినవారే ఇష్టమైన చోట బెల్టుతో పట్టుకునేవారు. 1942లో, ఇంటిపని చేసేవారు యుద్ధ కర్మాగారాలకు వెళ్లిపోగా వంట చేసుకుంటూనే అతిథులను పలకరించడానికి వీలైన దుస్తులు కావాలన్న హార్పర్స్ బజార్ పత్రిక కోరిక మీద ఆమె చేసిన 'పాపోవర్' గౌను మరో మెట్టు. ముందు నుంచి చుట్టుకుని పక్కన ముడి వేసుకునే ఆ గౌనుకు చెయ్యి నిండుగా పట్టే పెద్ద జేబు, వేడి గిన్నె దించుకునే చేతి తొడుగు జతగా వచ్చేవి. వెల 6 డాలర్ల 95 సెంట్లు మాత్రమే. చుట్టుకుని కట్టుకునే వస్త్రంలో నడుము అంకె ప్రసక్తే రాదు, ఉదయం ఒకలా సాయంత్రం ఒకలా ఉండే ఒంటికీ, కాన్పు తరువాత మారే ఒంటికీ అదే చాలుతుంది. ప్రామాణిక పట్టిక వెలువడిన 1958లోనే ఆమె 52 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో మరణించింది. పట్టిక సృష్టికర్తలకంటే ఆమెకే స్త్రీ శరీరం మీద ఎక్కువ గౌరవం ఉందనడంలో అతిశయోక్తి లేదు.

తెలుగు పాఠకులకు ఆ ఆలోచన అపరిచితం కాదు. చీర కుట్టులేని వస్త్రం కనుక దానికి సైజు చీటీ అవసరం లేదు, కుచ్చిళ్లు ఒకటి తగ్గించినా పెంచినా ఒంటికి అమరుతుంది. జాకెట్టు మాత్రం కచ్చితంగా అమరవలసినది. అందుకే దానికి పట్టిక బదులు ఆది జాకెట్టు, అంటే ఇప్పటికే సరిగా సరిపోయిన పాత జాకెట్టును కొలత కోసం దర్జీకి ఇవ్వడం ఆనవాయితీ. పనిమంతుడైన దర్జీ పక్క కుట్టులో అంగుళానికి పైగా గుడ్డ లోపలికి వదిలి, దాని మీద సమాంతరంగా రెండు మూడు వరసలు కుట్టిపెడతాడు. ఒళ్లు కాస్త పెరిగితే లోపలి వరస విప్పుకుంటే చాలు, అదే జాకెట్టు మరికొన్నేళ్లు పనికొస్తుంది. రెడీమేడ్ కుర్తీలో ఆ వెసులుబాటు లేదు. గుడ్డ ఆదా కోసం కుట్టు పక్కనే కత్తిరించి ఓవర్‌లాక్ చేసిన అంచులో వదులు చేయడానికి నూలుపోగంత చోటు కూడా మిగలదు. చిన్నది చేయడానికి వీలున్నా పెద్దది చేయడానికి వీల్లేని ఆ బట్టను ఆల్టరేషన్ మిషన్ దగ్గరకు పట్టుకెళ్లడంలో ఫలితం సగమే. తెలుగు పట్టణాల్లో రెడీమేడ్‌ల పక్కనే కుట్టని మూడు ముక్కల డ్రెస్ మెటీరియల్ ఇప్పటికీ అమ్ముడుపోవడానికీ, విదేశాల్లో స్థిరపడినవారు సెలవులకు వచ్చినప్పుడు ఏడాదికి సరిపడా జాకెట్లు కుట్టించుకుని వెళ్లడానికీ కారణం పాతకాలపు మమకారం ఒక్కటే అనుకోవడం పొరపాటు. ఒంటికి అమరేది దర్జీ దగ్గరే దొరుకుతుంది గనుక.

అయితే దర్జీకి ఇచ్చే సమయమూ తిరిగే ఓపికా ఉద్యోగం చేసే ప్రతి స్త్రీకీ ఉండవు కాబట్టి రెడీమేడ్ బాగుపడక తప్పదు, అది అసాధ్యమూ కాదు. జపాన్ ప్రమాణంలో స్త్రీల దుస్తుల చీటీ మీద 9ఏఆర్ వంటి గుర్తు ఉంటుంది: 9 అంటే ఛాతీ 83 సెంటీమీటర్లు, ఏ అంటే మధ్యరకం తుంటి, ఆర్ అంటే 158 సెంటీమీటర్ల ఎత్తుకు తగినది. 1958 ప్రమాణంలో ఉండి అమెరికా వ్యాపారులు వదిలేసిన పద్ధతికి ఇది చాలా దగ్గర. ఐరోపా ప్రమాణం శరీరపు అసలు కొలతలను సెంటీమీటర్లలో చీటీ మీద చూపమంటుంది. భారతదేశంలో మాత్రం బ్రాండ్లు ఇంతకాలం పాశ్చాత్య పట్టికలను అటూ ఇటూ సవరించుకుని ఎస్, ఎం, ఎల్ అక్షరాలతో నెట్టుకొచ్చాయి. ఈ లోటు తీర్చడానికి జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ 'ఇండియాసైజ్' పేరుతో 25 వేల మంది స్త్రీపురుషులను త్రీడీ స్కానర్లతో కొలిచే సర్వేను 2018లో ప్రకటించింది, ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి. టేపు తగలకుండా శరీరం మీది వందకు పైగా కొలతలను క్షణాల్లో తీసే ఆ యంత్రం ఓబ్రయన్ బృందాలకు లేని సౌకర్యం. అయితే ఆ లెక్కలు కూడా ఛాతీ ఒక్కదానికే కుదించి మళ్లీ ఒకే అంకెగా చీటీ మీద వేస్తే, భుజం జారే కుర్తీయే మళ్లీ దుకాణానికి వస్తుంది. ఎత్తూ తుంటీ కూడా చీటీ మీదికి ఎక్కి, పక్క కుట్టులో అంగుళం గుడ్డ మిగిల్చే కంపెనీ ఏదైనా ముందుకు వస్తే, సాదా కుర్తీ కోసం వెతికే స్త్రీకి దుకాణంలో గడిపే పూట కలిసివస్తుంది.