కిటికీ కొలతకు నియమం రాసేదెవరు?

1851లో లండన్ హైడ్ పార్కులో లేచిన క్రిస్టల్ ప్యాలెస్ కొలతలన్నిటికీ మూలం ఒక అద్దం పలక. బర్మింగ్‌హామ్ దగ్గరి చాన్స్ బ్రదర్స్ కార్ఖానా సరఫరా చేయగలిగిన పలక పొడవు 49 అంగుళాలు, వెడల్పు 10 అంగుళాలు. జోసెఫ్ పాక్స్టన్ ఆ పలకను బట్టి పైకప్పు మడతల కొలత తేల్చాడు. 24 అడుగులకొక ఇనుప స్తంభం అన్న లెక్క కూడా ఆ పలకతో ముడిపడిందే. దాదాపు 3 లక్షల పలకలు పట్టిన ఆ భవనాన్ని ఏడాది తిరక్కుండానే నిలబెట్టగలిగారంటే కారణం అదే. ఒక్క కొలత తేలితే మిగతావన్నీ దాని వెంట నడిచాయి.

2000లో అదే లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం నడిమి ప్రాంగణానికి అద్దాల కప్పు వేశారు. అందులో 3,312 పలకలు, ఏ రెండూ ఒక్కలా ఉండవు. కప్పు వంపును బాత్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్ విలియమ్స్ గణిత సూత్రాలుగా మలిచి, తాను రాసుకున్న ప్రోగ్రాముతో ఆకృతి రాబట్టాడు. పలకల కొలతలు అందులోంచే వచ్చాయి.

ఈ రెండు కప్పుల మధ్య ఒకటిన్నర శతాబ్దం గడిచింది. నియమం రెండు చోట్లా ఉంది. మొదటి కప్పులో అది కట్టినవాడి బుర్రలో ఉంది, రెండో కప్పులో ప్రోగ్రాములో ఉంది. నిర్మాణ సామగ్రి రూపకల్పన చరిత్రను కొత్త యంత్రాల చరిత్రగా చెప్పడం పరిపాటి. నాకు మాత్రం అది నియమం రాసే హక్కు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందన్న చరిత్రగా కనిపిస్తుంది. ఈమధ్య వచ్చిన బ్లాకుల పద్ధతిని, అంటే రంగు ముక్కలను తెరమీద ఒకదానికొకటి తగిలించి కొలతలకు నియమాలు రాసే పద్ధతిని, ఆ వరుసలో పెట్టి చూస్తేనే దాని విలువ అర్థమవుతుంది.

మన దగ్గర ద్వారబంధం చేసే వడ్రంగికి నియమం కొత్త కాదు. గోడలో వదిలిన ఖాళీ చెబితే చాలు, చట్రం ఎంత, రెక్క ఎంత, సందు ఎంత వదలాలి అన్నది అతనే చెబుతాడు. భారతీయ ప్రమాణాల సంస్థ ఈ జ్ఞానాన్నే పట్టికలోకి ఎక్కించింది. 100 మిల్లీమీటర్లను ఒక మాడ్యూల్‌గా తీసుకుని, చెక్క చట్రాల ప్రమాణంలో తలుపులకు పేర్లు పెట్టింది. ‘8 డీఎస్ 20’ అంటే 8 మాడ్యూళ్ల వెడల్పు, 20 మాడ్యూళ్ల ఎత్తు ఉన్న ఖాళీకి ఒంటి రెక్క తలుపు. 800 మి.మీ. ఖాళీకి చట్రం వెడల్పు 790. గోడకూ చట్రానికీ మధ్య ఆ 10 మి.మీ. ఎందుకో మేస్త్రీకి తెలుసు, పట్టిక తయారు చేసినవారికీ తెలుసు. డ్రాయింగులో ఆ అంకెను ఎక్కించేవారికి మాత్రం చాలాసార్లు తెలియదు. చిక్కంతా అక్కడే మొదలైంది.

నియమాన్ని కంప్యూటరుకు చెప్పే ప్రయత్నం వేరే చోట మొదలైంది. ఇటలీ వాస్తుశిల్పి లూయిజీ మొరెట్టి 1960లో మిలాన్ ట్రియెనాలే ప్రదర్శనలో స్టేడియం నమూనాలు పెట్టాడు. ఏ సీటు నుంచి చూసినా ఆట బాగా కనపడాలన్న షరతు పెట్టి, ఐబీఎం 610 కంప్యూటరుతో లెక్కలు కట్టించి, ఆ లెక్కల నుంచి స్టేడియం ఆకారాన్ని తేల్చినవి అవి. గీసిన ఆకారానికి కొలతలు వేయడం మాని, షరతుల నుంచి ఆకారాన్ని రప్పించడం అప్పటికి సాహసమే. మూడేళ్లకు, 1963లో, ఎమ్ఐటీలో ఐవన్ సదర్లాండ్ ‘స్కెచ్‌ప్యాడ్’ చూపించాడు. లైట్ పెన్నుతో గీత గీసి, ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలి, ఈ రెండూ సమానంగా ఉండాలి అని చెబితే యంత్రం ఆ మాట నిలబెట్టేది. మూల బొమ్మను మారిస్తే దాని నకళ్లన్నీ మారేవి. ఇవాళ చాలా డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఈ రెండు గుణాలూ ఉన్నాయి.

ఆయన అన్న బర్ట్ సదర్లాండ్‌ను మాత్రం ఎక్కువమంది తలుచుకోరు, అది అన్యాయం. 1966లో, స్కెచ్‌ప్యాడ్ నడిచిన టీఎక్స్-2 కంప్యూటరు మీదే ఆయన ప్రోగ్రామునే బొమ్మగా గీసే విధానం తయారు చేశాడు. తమ్ముడు బొమ్మలో నియమం పెట్టాడు, అన్న నియమాన్నే బొమ్మ చేశాడు. ఈ కథలో సగం ఆ అన్నది.

1975లో చక్ ఈస్ట్‌మన్ భవనానికి డ్రాయింగుల బదులు కంప్యూటర్ నమూనాయే ఆధారం కావాలని రాశాడు. ఇవాళ బిమ్ అంటున్న పద్ధతికి అది పునాది. ఇక్కడ నిర్మాణ రంగం దాటి ఒక సంగతి చెప్పాలి. 1980 నుంచి డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తన వ్యాక్స్ కంప్యూటర్ల ఆర్డర్లలో ఏ భాగానికి ఏ భాగం జత కావాలో తేల్చడానికి ‘ఎక్స్‌కాన్’ అనే నియమాల వ్యవస్థను వాడింది. కార్నెగీ మెలన్‌కు చెందిన జాన్ మెక్‌డెర్మాట్ దాన్ని రూపొందించాడు. 1986 నాటికి అది 80 వేల ఆర్డర్లు పరిష్కరించింది. వస్తువు అమ్మేముందే దాని పొందిక సరిచూడడానికి నియమాలు వాడడం అక్కడే గట్టిపడింది. రెండో పాఠమూ అక్కడే దొరికింది. నియమాలు వేలకు వేలు పెరిగేసరికి వాటిని సరిదిద్దడానికే ప్రత్యేకంగా జట్లు కావాల్సి వచ్చాయి. ఈ రెండో పాఠాన్ని నిర్మాణ రంగం ఇప్పటికీ పూర్తిగా నేర్చుకోలేదు.

తర్వాతి ముప్పై ఏళ్లు త్వరగా చెప్పుకోవచ్చు. 1982లో బుడాపెస్ట్‌లో పుట్టిన గ్రాఫిసాఫ్ట్ తన ఆర్చికాడ్‌లో తలుపులు, కిటికీలను కొలతలిస్తే మారే వస్తువులుగా రాయడానికి జీడీఎల్ అనే చిన్న భాష పెట్టింది. 1988లో ప్రో/ఇంజనీర్ వచ్చాక కొలత మార్చితే నమూనా మారడం యంత్రాల రంగంలో మామూలైపోయింది. 2000లో భవనాల డిజైన్ సాఫ్ట్‌వేర్ రెవిట్ వచ్చి తలుపుల్ని, కిటికీల్ని ‘ఫ్యామిలీ’లుగా, అంటే కొలతలు మార్చుకోగల నమూనాలుగా మార్చింది. 2011 వెర్షన్ నుంచి యంత్రాల డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇన్వెంటర్‌లో ‘ఐలాజిక్’ చేరింది. వెడల్పు ఇంత దాటితే కమ్మి ఒకటి చేర్చు అన్న నియమాన్ని నమూనాలోనే రాసుకోవచ్చు. కాకపోతే రాయాల్సింది విజువల్ బేసిక్‌లో. ఒక ‘ఎండ్ ఇఫ్’ మరిచిపోతే నియమం మొత్తం నిలిచిపోతుంది. కిటికీ గురించి ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి ఆ వాకిట్లోనే ఆగిపోయాడు. నియమం ప్రోగ్రామరుకు చెప్పాలి, అతను అర్థం చేసుకోవాలి, రాయాలి. అర్థంలో ఏ చిన్న తేడా వచ్చినా అది ఫ్యాక్టరీలో కోత పడ్డాకే బయటపడుతుంది.

భాష రాకుండా నియమం రాయడానికి రెండు దారులు తెరుచుకున్నాయి. ఒకటి తీగల దారి. పెట్టెలు పెట్టి, ఒక పెట్టె జవాబును తీగతో మరో పెట్టెకు అందించడం. బర్ట్ సదర్లాండ్ వేసిన ఆ దారిలోనే 1986లో ల్యాబ్‌వ్యూ వచ్చింది. 2007లో డేవిడ్ రట్టెన్ రైనో సాఫ్ట్‌వేరుకు ‘ఎక్స్‌ప్లిసిట్ హిస్టరీ’ తయారు చేశాడు. తర్వాత దాని పేరు గ్రాస్‌హాపర్ అయింది. రెవిట్‌కు ఇయాన్ కియో డైనమో మొదలుపెట్టాడు. వంపులు, జాలీలు, ముఖద్వారాల ఆకృతులు రప్పించడంలో ఈ దారికి సాటి లేదు. ‘ఇలా అయితే అలా, లేదంటే ఇంకోలా’ అనే షరతులు ఇరవై చేరేసరికి మాత్రం తీగలు అల్లుకుపోయి, రాసినవారికే మొదలేదో చివరేదో దొరకదు.

రెండోది బ్లాకుల దారి. దీని పుట్టుక వాస్తుశిల్పంలో లేదు, పిల్లల చదువులో ఉంది. 1967లో సీమోర్ పాపర్ట్, వాలీ ఫ్యూర్జైగ్, సింథియా సోలమన్ పిల్లల కోసం లోగో భాష తయారు చేశారు. 1990లలో ఎమ్ఐటీ మీడియా ల్యాబ్‌లో లోగో ఆజ్ఞలు ముక్కలై ‘లోగోబ్లాక్స్’ అయ్యాయి. 2007లో మిచెల్ రెస్నిక్ బృందం స్క్రాచ్‌ను విడుదల చేసింది. 2012లో గూగుల్ ‘బ్లాక్లీ’ని అందరూ వాడుకునేలా బయటపెట్టడంతో ఏ సాఫ్ట్‌వేరైనా తన లోపల బ్లాకులు పెట్టుకునే వీలు కలిగింది. ఇప్పుడు ఇన్వెంటర్‌లో గీసిన వస్తువును రెవిట్ వాడే డిజైనర్ చేతికి నియమాలతో సహా అందించే ఆటోడెస్క్ ఇన్ఫార్మ్డ్ డిజైన్ వంటి సాధనాల్లోనూ అలాంటి బ్లాకులే వచ్చి చేరాయి. బడి పిల్లలకు పనికొచ్చిన ఉపాయం ఫ్యాక్టరీకి పనికొచ్చిందంటే నాకు అపారమైన సంతోషం.

ఒక స్లైడింగ్ కిటికీని తీసుకుందాం. వెడల్పు, ఎత్తు, సిల్ ఎత్తు, రెక్కల సంఖ్య, అద్దం రకం, దోమతెర దాని పారామీటర్లు. తెరమీదికి ‘అయితే’ అన్న బ్లాకును లాగుతాం. దాని పక్కనున్న గాడిలో ‘సిల్ ఎత్తు, 800 కంటే తక్కువ’ అన్న పోలిక బ్లాకు ఇమిడిపోతుంది. లోపలి ఖాళీలో ‘అద్దం రకం టఫెన్డ్’ అన్న బ్లాకు కూర్చుంటుంది. నిజమా కాదా అని అడిగే గాడిలో ఉత్త అంకెను పెట్టబోతే అది అతుక్కోదు. కామా తప్పు, స్పెల్లింగ్ తప్పు, మూతపడని బ్రాకెట్ ఇక లేవు. ఇంకో బ్లాకు: ఎత్తు 2,400 దాటితే ‘ఈ కొలతలో తయారు చేయం’ అని చూపించు. ఇక ఆర్కిటెక్ట్ ఎక్కడో తన ఆఫీసులో ఆ కిటికీని 2,500 ఎత్తుకు సాగదీయబోతే ఫ్యాక్టరీ అక్కడే అభ్యంతరం చెబుతుంది. ఫోన్లు, మెయిళ్లు, మళ్లీ గీసిన డ్రాయింగులు తప్పుతాయి.

అదే కిటికీకి మరో రెండు నియమాలు చేరుద్దాం. వెడల్పు 2,400 దాటితే రెక్కలు నాలుగు. దాని కింద, దోమతెర కావాలంటే రెక్కలు మూడు. బ్లాకులు పైనుంచి కిందికి నడుస్తాయి కాబట్టి 2,700 వెడల్పున్న, దోమతెర అడిగిన కిటికీకి చివరి మాటే చెల్లి, రెక్కలు మూడే వస్తాయి. ఒక్కో రెక్క బరువు పెరిగి రోలర్లు మోయలేని స్థితి వస్తుంది. తెరమీద ఏ ఎర్ర గుర్తూ కనపడదు, ముక్కలన్నీ చక్కగా ఇమిడాయి. బ్లాకులు వ్యాకరణ దోషాన్ని ఆపగలవు, వస్తు దోషాన్ని ఆపలేవు. ఆ దోషం పట్టుకోగలిగేది రోలరు బరువు తెలిసిన మనిషి. బ్లాకుల గొప్పతనమంతా ఇక్కడే ఉంది. అతను ఆ వరుసను తన కళ్లతో చదవగలడు, ‘ఇది తప్పు’ అని వేలు పెట్టి చూపగలడు. విజువల్ బేసిక్ పంక్తుల్లో అదే తప్పు అతని ముందు పెట్టినా అతనికి కనపడేది కాదు.

హైదరాబాద్‌లో బిమ్ పని చేసే ఆఫీసుల్లో విదేశీ తయారీదారుల తలుపులు, కిటికీలకు రెవిట్ ఫ్యామిలీలు తయారు చేసే తెలుగు ఇంజనీర్లు ఎందరో ఉన్నారు. ఎవరో పంపిన క్యాటలాగ్ చూసి నియమాలు ఎక్కించడంలో వాళ్లు నిపుణులు. అదే ఊళ్లో యూపీవీసీ, అల్యూమినియం కిటికీలు తయారు చేసే యూనిట్లకూ కొదవలేదు. ఈ రెండు పక్షాలూ ఒక బల్ల దగ్గర కూర్చుని మన కిటికీలకు మన నియమాలు రాసుకోవడం మాత్రం అరుదు. సాధనం దొరికింది, చేతులున్నాయి, జ్ఞానమూ ఉంది.

కాబట్టి తయారీదారులకు నాదొక విన్నపం. నియమాలు రాయించే పనిని పూర్తిగా సాఫ్ట్‌వేర్ మనిషికి వదిలేయకండి. మీ ఫిట్టింగ్ మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని, అతను ఒప్పుకున్నాకే ప్రతి బ్లాకునూ ఖాయం చేయండి. దాని పక్కనే కారణం, తేదీ రాసి పెట్టండి. వెడల్పు హద్దుకు అటూ ఇటూ ఉన్న కొలతలు ఇచ్చి పరీక్షించండి. రోలరు కంపెనీ మారిన రోజున మొదట తెరవాల్సింది ఆ నియమాల వరుసనే.