పౌను గింజల లెక్క

మా మాదిగపల్లెకి తూర్పున మైలున్నర దూరంలో బకింగ్‌హాం కాలవ పోతుంది. మా పల్లెలో ఎవరూ దాన్ని ఆ పేరుతో పిలవరు, ఉప్పుకాలవ అంటారు. మా జేజి మాత్రం 'మన కాలవ' అనేది. కాలవ సర్కారుది గదా, మనదెట్లయిద్ది జేజీ అని అడిగితే, "ధాత కరువులో మనోళ్ళు తవ్విందేగా. మా జేజి పదేళ్ళ పిల్ల అప్పుడు. గంపతో మట్టి మోసింది. మోసినోళ్ళది గాకపోతే ఇంకెవురిదే?" అనేది.

ధాత అంటే ఎవరో పెద్ద భూస్వామి పేరనుకునేదాన్ని చిన్నప్పుడు. అది సంవత్సరం పేరనీ, 1876–77 అనీ తెలియటానికి నేను బి.ఏ. దాకా రావాల్సొచ్చింది.

మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే. మా అమ్మ పొగాకు గ్రేడింగుకి పోయేది. నేను ఇంటరు అయినాక టీచర్ ట్రైనింగు చేసి, దూరవిద్యలో బి.ఏ. కట్టాను. పుస్తకాల కట్ట పోస్టులో వచ్చింది. ఒకటి చరిత్ర, ఒకటి ఎకనామిక్సు, ఇంకోటి మొదటి ఏడాది అందరూ చదవాల్సిన సామాన్య పాఠాల పుస్తకం. అందులో ఆరోగ్యం, ఆహారం, అంటురోగాల మీద పాఠాలున్నాయి. మా ఇంట్లోకి బైబిలూ బడి పుస్తకాలూ తప్ప వచ్చిన మొదటి పుస్తకాలు అవే. అమ్మ చేతులు కడుక్కొచ్చి ముట్టుకుంది.

ఆదివారాలు క్లాసులు. ఒక ఆదివారం చరిత్ర సారు కరువు గురించి చెబుతున్నాడు. నేను లేచి, మా జేజి వాళ్ళ జేజి ఆ కరువులో కాలవ తవ్వింది సార్ అన్నాను. ఆయన నవ్వాడు. "జేజమ్మ కథలు చరిత్ర కాదమ్మా" అన్నాడు. ఊరుకోకుండా, ఆ కరువులో ఎక్కువమంది చచ్చింది ఏ కులాలోళ్ళు సార్ అనడిగాను. "ఆకలికి కులం లేదమ్మా. కరువులో అందరూ సమానమే" అన్నాడు. క్లాసంతా తలూపింది. నేను కూచున్నాను. కూచున్నానే గానీ ఆ మాట నాతోపాటు ఇంటికొచ్చింది. చాలా ఏళ్ళు నాతోనే ఉంది. దానికి జవాబు వెతుక్కోటానికి ఆ మూడు పుస్తకాలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చదవాల్సొచ్చింది.

ముందు చరిత్ర. 1876లో వానలు పోయాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. మైసూరు, బొంబాయి, నిజాం రాజ్యం కూడా కరువులో పడ్డాయి. మా ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోది. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియా రాణిని ఇండియాకి చక్రవర్తినిగా చాటాడు. ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపుల్‌ని కరువు ఖర్చు అదుపు చెయ్యమని మద్రాసుకి పంపాడు. ఈ టెంపుల్ అంతకుముందు 1874 బీహారు కరువులో బర్మా నుంచి బియ్యం తెప్పించి జనాన్ని బతికించినవాడే. మెచ్చుకోవాల్సింది పోయి, దుబారా చేశావని పైవాళ్ళు తిట్టారు. ఆ తిట్లు మళ్ళీ పడదల్చుకోలేదు కాబోలు, మద్రాసులో చెయ్యి బిగించాడు. కరువు పనికొచ్చిన మగాడికి రోజుకి ఒక పౌను గింజలు, పైన కాస్త చిల్లర అని కూలి తేల్చాడు. ఆడదానికీ పనిచేసే పిల్లలకీ ఇంకా తక్కువ. దాన్నే టెంపుల్ కూలి అన్నారు.

రెండేళ్ళలో బ్రిటిష్ ఇలాకాలోనే 55 లక్షలమంది చచ్చిపోయారని లెక్క. 80 లక్షలు దాటిందన్నవాళ్ళూ ఉన్నారు. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కకీ 1881 లెక్కకీ నడుమ దాదాపు నాలుగోవంతు జనం తగ్గిపోయారు. పెరగాల్సిన పదేళ్ళలో తగ్గారు. నా చరిత్ర పాఠంలో దర్బారు ఉంది, లిట్టన్ ఉన్నాడు, తర్వాత వేసిన కమిషన్ ఉంది. పౌను గింజలు తిని తట్టలెత్తినోళ్ళు లేరు.

వాళ్ళు నాకు ఆరోగ్యం పాఠంలో దొరికారు, పేరు లేకుండా. అందులో బియ్యానికి ఎన్ని కెలరీలో పట్టిక ఉంది. పౌను అంటే 450 గ్రాములు. వేసి చూశాను. 1,600 కెలరీలకి కాస్త అటూ ఇటూ. బరువు పని చేసే మగాడికి రోజుకి 3,400 పైనే కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళ లెక్క చెబుతుంది. అంటే సగం తిండి కూడా కాదు. పప్పు లేదు, కూర లేదు, నూనె లేదు. ఇది ఇప్పుడు తెలిసిన సంగతి, అప్పుడు తెలియదు పాపం అనుకోటానికి లేదు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అప్పుడే అడ్డం తిరిగాడు. ఒకటిన్నర పౌన్ల గింజలూ, వాటితోపాటు పప్పూ కూరగాయలూ లేకపోతే పనిచేసే మనిషి నిలవడని రాశాడు. జైల్లో ఖైదీకి పెట్టే తిండి కన్నా ఇది తక్కువని చూపించాడు. గట్టిగా పోట్లాడితే 1877లోనే గింజలు కొంత పెంచి, కాస్త పప్పు కలిపారు. ఆయన అడిగినంత మాత్రం ఇవ్వలేదు.

కరువులో మనిషి ఉత్త ఆకలితో చావటం తక్కువ. ఒళ్ళు గుల్లయినాక కలరా, మశూచి, రక్తవిరేచనాలు వచ్చి పడతాయి. 1877లో వానలు మొదలైనాక చలిజ్వరాలు వచ్చాయి. వాన కోసం ఎదురుచూసి చూసి, వాన పడ్డాక చచ్చారు. మలేరియాకి దోమ కారణమని రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో కనిపెట్టింది 1897లో. కలరా క్రిమిని కోఖ్ పట్టింది 1884 ప్రాంతంలో. అయితే కలరా నీళ్ళతో వస్తుందని జాన్ స్నో లండన్‌లో 1854లోనే చెప్పాడు.

ఇక్కడ నేను ఆగాను. కలరా నీళ్ళతో వస్తే, నీళ్ళెవరివి? ఊరి బావి మాది కాదు. మా వాళ్ళు వాగులో చెలమ తీసుకుని తాగేవాళ్ళు. మంచి కాలంలోనే ఎవరో పెద్దమనిషి చేది పోస్తే దోసిలి పట్టాలి. బావులు అడుగంటిన ఏడాది ఆ చేది ఎవరు పోస్తారు? 1927లో కూడా మహద్ చెరువులో దోసెడు నీళ్ళు తాగటానికి అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకుని నడవాల్సొచ్చింది. అంతకు యాభై ఏళ్ళ ముందు, కరువు నడుమ, మా పల్లెల్లో నీళ్ళ సంగతి చెప్పాలా? ఆకలికి కులం లేదన్న సారుకి నీళ్ళకి కులం ఉన్న సంగతి తెలుసు. రెండూ కలిపి చూళ్ళేదు, అంతే.

ఇంక ఎకనామిక్సు. సరుకు తగ్గితే ధర పెరుగుతుంది, ధర పెరిగితే సరుకు అక్కడికే వస్తుంది అని మొదటి పాఠం. లిట్టన్ కూడా ఈ పాఠమే చదివాడు. ధరల జోలికి సర్కారు పోకూడదన్నాడు. ఆడమ్ స్మిత్ 1776లో రాసిన పుస్తకం వాళ్ళకి వేదం. సరుకు రాకపోలేదు కూడా. మద్రాసు సముద్రపొడ్డున ధాన్యం బస్తాలు గుట్టలుగా పడున్న సంగతి 'మద్రాస్ టైమ్స్' సంపాదకుడు విలియం డిగ్బీ 1878లోనే తన కరువు పుస్తకంలో రాశాడు. గింజలుండీ జనం చచ్చారు. ఇదెట్లా అన్నదానికి జవాబు అమర్త్యసేన్ 1981లో వచ్చిన పుస్తకంలో దొరికింది. ఆయన 1943 బెంగాల్ కరువు తీసుకుని చెప్పాడు. దేశంలో తిండి ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న, దాన్ని తెచ్చుకునే తాహతు ఎవరికుంది అన్నది ఇంకో ప్రశ్న. భూమి ఉన్నోడు పండింది తింటాడు, లేదా భూమి తాకట్టు పెడతాడు. కూలోడికి కూలి పోతే అమ్ముకోటానికేముంది?

ఇది చదివినప్పుడు మా జేజి చెప్పిన ఒక మాట చప్పున గుర్తొచ్చింది. "పశువులు చచ్చినన్నాళ్ళూ మనం బతికాం. పశువులు అయిపోయినాక మనం చచ్చాం" అనేది. నాకు చిన్నప్పుడు ఆ మాట వింటే సిగ్గేసేది. చచ్చిన గొడ్డుని తిన్న సంగతి ఎవరన్నా వింటారేమోనని జేజి నోరు మూసేదాన్ని. ఎకనామిక్సు చదివినాక తెలిసింది, అది మా పల్లె ఆర్థికశాస్త్రం అంతా రెండు ముక్కల్లో చెప్పిన మాట. మాదిగోడు రైతుకి మోటబొక్కెన కుట్టాలి, తోలుతాళ్ళు పేనాలి, చెప్పులు కుట్టాలి. దానికి కళ్ళంలో మేర గింజలు. పంట పోతే కళ్ళం లేదు, మేర లేదు. బావి ఎండితే మోట లేదు, తోలు పని లేదు. మొదట్లో గొడ్లు చస్తుంటే తోలూ మాంసమూ దొరికింది. ఆ తర్వాత అదీ పోయింది. రైతు కన్నా ముందు కూలి, కూలి కన్నా ముందు కులవృత్తి మీద బతికేవాడు కూలిపోతాడు. 1880లో వచ్చిన కరువు కమిషన్ రిపోర్టు కూడా భూమి లేని కూలీలూ చేతిపనివాళ్ళూ అందరికన్నా ముందు దెబ్బతింటారని ఒప్పుకుంది. వాళ్ళు కులం పేరు రాయలేదు. ఊరి చివర ఎవరున్నారో తెలిసినోళ్ళకి రాయక్కర్లేదు.

ఇప్పుడు కాలవ సంగతి. కరువు పనుల కింద బకింగ్‌హాం కాలవ తవ్వించారు. పేరు గవర్నరుది, డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం. ఒంగోలు దగ్గర మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ తీసుకున్నాడు. మిగతాచోట్ల పై కులాల మేస్త్రీలు మాదిగోళ్ళని వేధిస్తున్నారని, మనోళ్ళనే మేస్త్రీలుగా పెట్టి పని చేయించాడు. యెర్రగుంట్ల పేరయ్య 1866లోనే క్రైస్తవంలోకి వచ్చి పల్లెపల్లే తిరిగి ఉన్నాడు కాబట్టి జనం నమ్మి వెళ్ళారు.

"మీరు గంజికి మతం మారినోళ్ళు" అని నన్ను ఇంటరులో ఒకమ్మాయి అన్నది. అప్పుడు ఏడ్చాను. చరిత్ర చదివినాక ఏడవటం మానేశాను. కరువు పనులు నడిచినన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదనే ఆపాడు. పనులు ముగిశాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మాకు సాయం అక్కర్లేదు, పనిచేసి బతికాం అంటూ చేతుల బొబ్బలు చూపించారని 1914లో వచ్చిన ఆయన జ్ఞాపకాల పుస్తకంలో ఉంది. ఆ బొబ్బల చేతుల్లో మా జేజి వాళ్ళ జేజి చేతులు కూడా ఉండుంటాయి. పదేళ్ళ చేతులు. వాళ్ళు నీళ్ళలో దిగింది గంజి కోసం కాదు. మనుషులుగా లెక్కలోకి రావటానికి.

అంబేడ్కర్ 1913లో కొలంబియా వెళ్ళినప్పుడు ప్రధానంగా ఎకనామిక్సు, దాంతోపాటు చరిత్ర, సోషియాలజీ, ఆంత్రొపాలజీ చదివాడు. ఇన్ని ఎందుకు చదివాడా అనుకునేదాన్ని. ఇప్పుడు కొంచెం అర్థమైంది. మన కష్టం ఒక పుస్తకంలో పట్టదు. చరిత్ర పుస్తకంలో తేదీ ఉంటుంది, ఆరోగ్యం పుస్తకంలో రోగం ఉంటుంది, ఎకనామిక్సులో కూలి ఉంటుంది. మూడూ కలిపితే గానీ మనిషి కనపడడు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. గ్రేడింగు లేని రోజుల్లో మా అమ్మ ఆ పనికి పోయింది. చెరువు మట్టి తవ్వింది. గుంత కొలిచి కూలి కట్టారు. ఒకరోజు కొలత తక్కువొచ్చిందని కూలి తగ్గింది. "బలం ఉన్నోళ్ళకే బలమైన కూలి" అన్నది అమ్మ. కరువు పనుల్లోనూ అంతే, పని కొలతకే కూలి. తిండి లేనోడు తక్కువ తవ్వుతాడు, తక్కువ తవ్వినోడికి తిండి తగ్గుతుంది. అమ్మ ఏ పుస్తకం చదవకుండానే కార్నిష్ చెప్పింది చెప్పింది.

ఇప్పుడు నేను సర్కారు బడిలో సోషల్ చెబుతాను. మా బడిలో ఎక్కువమంది పల్లె పిల్లలే. కరువు పాఠం వచ్చిన రోజు మధ్యాహ్న భోజనం వండే అక్క దగ్గర బియ్యం అడిగి, తక్కెట్లో 450 గ్రాములు తూచి, న్యూస్ పేపరు మీద బల్ల మీద పోశాను. రోజంతా మట్టి తవ్వే మనిషికి ఇవి చాలతాయా అని అడిగాను. మీకు మధ్యాహ్నం ఒక్క పూటకే 150 గ్రాములు లెక్క అని కూడా చెప్పాను. పిల్లలు గుట్టు కేసి చూశారు. వెనక బెంచీ పిల్ల ఒకతె లేచి, "మా నాయన బేల్దారి పని టీచర్. ఇవి పొద్దున్నా మధ్యానమే అయిపోతయ్. రాత్రికేం తినాలి?" అన్నది.

అది ప్రశ్న. నూట యాభై ఏళ్ళ కిందట టెంపుల్‌ని అడగాల్సిన ప్రశ్న. ఆ పిల్లకి నేను కూచోమని చెప్పలేదు. బోర్డు దగ్గరికి పిలిచి, లెక్క వేసి చూపించమన్నాను. తర్వాత అందరం నడుచుకుంటూ కాలవ దాకా పోయాం. ఇది ఎవరు తవ్వారో మీ జేజిల్ని అడిగి రాసుకు రండి అని చెప్పాను.

మర్నాడు పదకొండుమంది రాసుకొచ్చారు.