వీథిబడులలో తోడివారి తీర్పు

విద్యార్థి వ్రాసినదానిని గురువొక్కడే దిద్దవలెననుట మన దేశమున అనాది మర్యాద యని పలువురు తలంచుచున్నారు. వీథిబడుల చరిత్ర చూచినచో ఈ తలంపు నిలువదు.

1822లో మద్రాసు గవర్నరగు సర్ తామస్ మన్రో తన పాలనలోని బడుల లెక్క పంపుడని కలెక్టర్ల నాజ్ఞాపించెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ (1816లో తెలుగు వ్యాకరణము నాంగ్లమున ప్రకటించిన వాడితడే) 1823 ఆగస్టులో విపులమైన నివేదిక పంపెను. ఆ జిల్లాలో బడులు 533, చదువువారు 6,641. పెక్కుబడులు తెలుగు, కన్నడములవి. పిల్లలను సాధారణముగ నాలుగు తరగతులు చేసి, క్రిందివారిని పైవారి కప్పగించి, పంతులు అందరిమీదను కన్నువేసి యుండెడివాడు. ఇతరులకు చెప్పుటవలన పెద్దపిల్లల చదువే గట్టిపడుచున్నదని కాంబెల్ గ్రహించెను. ఇంగ్లండు దీని ననుకరించుట యుక్తమే యని మెచ్చెను. అక్కడికి దీనిని కొనిపోయినవాడు ఆండ్రూ బెల్. 1789 మొదలు మద్రాసులోని ఎగ్మూరు అనాథ బాలుర శరణాలయమున పనిచేయుచు, ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దు మలబారు పిల్లలను చూచి, తాను చేసిన ప్రయోగమును 1797లో లండనున ప్రకటించెను. అక్కడ నది వేలమందికి చవుకగా చదువు చెప్పు యంత్రమైనది. ఆ కథ వేరు.

మన బడులలో తారతమ్య నిర్ణయమును లేకపోలేదు. ఉదయమున మొదట వచ్చినవాని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురు, రెండవవానికి సున్న, మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపై వరుసగా హెచ్చును. సోమరులకు కోదండము! ఇచట తూచబడినది పిల్లవాడే కాని వాని పని కాదు. అర్థము తెలియని పద్యములు చిలుకవలె వల్లించుచుండిరని కాంబెలే వ్రాసెను. అట్టి చదువులో తోడిబాలుడు పరీక్షింపగలిగినది తప్పిపోయిన అక్షరమే. ఈ లోపమునకు పిల్లల తీర్పు కారణము కాదు, వారి కిచ్చిన పని కారణము.

1927లో అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు థర్‌స్టన్ తారతమ్య నిర్ణయమునకు సూత్రమొకటి చెప్పెను. ఒక వ్రాతకు నూటికి ఇన్ని యని అంకె వేయుట కష్టము. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి ఏది మేలని చెప్పుట సులభము. ఇట్టి తీర్పులు పెక్కు కూడినచో అన్నిటికిని వరుస ఏర్పడును. ముప్పది వ్రాతలకు 435 జంటలు. అన్నియు చూడనక్కరలేదు, తీర్పరులు పలువురైన చాలును.

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతపు బడులలో మార్కు తప్ప మరేమియు చదువని పిల్లలకు నేనీ పద్ధతిని చూపుచున్నాను. గండిపేట చెరువును గూర్చిన రెండు వ్యాసములు పేర్లు లేకుండ నిచ్చితిని. ఒకటి అందమైన దస్తూరితో 1920లో పూర్తియైనదని మాత్రము చెప్పెను. రెండవది వంకరగీతలతో 1908 నాటి మూసీ వరద మొదలుకొని ఆ కట్ట యేల కట్టవలసివచ్చెనో చెప్పెను. మొదట దస్తూరి గెలిచెను. “ఎందుచేత?” అని యడుగగా గది నిశ్శబ్దమయ్యెను. ఒక బాలిక మెల్లగా, “సార్, మొదటి దాంట్ల కారణం లేదు” అనెను. మొదటి వ్యాసము వ్రాసినవాడు ఆ రాత్రియే దానిని తిరుగ వ్రాసి తెచ్చెను.

అయినను ఒక చిక్కున్నది. ఒకే గదిలోని పిల్లలకు దస్తూరి చూడగానే మనిషి తెలిసిపోవును. స్నేహమును, పగయు, కులమును వెంటనే వచ్చి కూర్చుండును. అందుచేత నిప్పుడు చేవెళ్ల పిల్లల కాగితములు మొయినాబాదునకును, అచటివి ఇచటికిని పంపుచున్నాము.