చుట్టకు పైన ఏ ఆకు?



పొగాకు మన పంట కాదు. కొత్తచెరువు ఎర్రనేలల్లో మనం వేసేది శెనక్కాయ, కంది, బోరులో నీళ్లుంటే మల్బరీ. అయినా ఈ రోజు చుట్ట కథ రాస్తున్నా. చట్టంలో ఒక మాట ఎట్లా రాస్తే పంట దారి ఎట్లా మారుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి కథ నాకు దొరకలేదు. తాగమని మాత్రం ఎవరికీ చెప్పను. మా జేజినాయన చుట్ట దగ్గుతో రాత్రంతా మంచం మీద కూర్చునే ఉండేవాడు, అది చూసి పెరిగినోణ్ణి.

గోదావరి మధ్యలో లంకలు ఉంటాయి. వరద వచ్చి పోయినాక మిగిలిన ఒండ్రు మీద పొగాకు వేస్తారు. ఆ ఆకు ఘాటు తెల్లదొరలకు బాగా నచ్చింది. చుట్టకే 'లంకా' అని పేరు పెట్టేసుకున్నారు. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో ఆ మాట ఉంది. అది గోదావరి లంకల్లో పండిన పొగాకుతో చేసిన ఘాటైన చుట్ట అని, మద్రాసు ప్రెసిడెన్సీలో దానికి మంచి గిరాకీ అని రాసినారు. 1890లో కోనన్ డాయిల్ రాసిన 'ద సైన్ ఆఫ్ ఫోర్' నవలలో షెర్లాక్ హోమ్స్ కూడా దీని పేరు ఎత్తుతాడు. హంతకుడు లంక చుట్ట తాగేవాడని తేలితే వెతకాల్సిన మనుషులు చానా తగ్గిపోతారని అతని లెక్క. లండన్ డిటెక్టివ్ నోట మన గోదావరి ఒండ్రు!

అప్పట్లో మంచి చుట్ట కావాలంటే తపాలా ఒక దారి. 1877లో మన దేశంలో వీపీపీ వచ్చింది, అంటే పార్సిల్ చేతికందినాక డబ్బు కట్టడం. తిరుచిరాపల్లి, దిండిగల్లు చుట్టలు అట్లా దూరాభారం ఊళ్లకు పోయేవి. మద్రాసు స్పెన్సర్ కంపెనీకి దిండిగల్లులో సొంత చుట్టల ఫ్యాక్టరీయే ఉండేది.

తర్వాత సర్కారు కన్ను నేరుగా ఆకు మీదే పడింది. యుద్ధం నడుస్తుండగా 1943లో పొగాకు మీద కేంద్ర ఎక్సైజు సుంకం వేసినారు. ఫ్యాక్టరీలో తయారైన సరుకు మీద పన్ను వేస్తే ఒక దారి. వీళ్లు పచ్చి ఆకునే లెక్కలోకి తెచ్చినారు. ఎంత నేలలో వేశావో చెప్పాలి, ఎంత ఆరబెట్టావో చెప్పాలి, ఆకు కదలాలంటే కాగితం కావాలి. రైతు కళ్లంలోకి ఎక్సైజు ఇన్‌స్పెక్టరు రావడం అప్పటినుంచే. 1979 బడ్జెట్లో ఆర్థికమంత్రి చరణ్ సింగ్ ఆ ఆకు సుంకాన్ని ఎత్తేసేదాకా 36 ఏండ్లు ఇదే బాధ. ఎత్తేసినాయన రైతుబిడ్డ అనేది గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అమెరికాకు పోదాం. అక్కడ ఇంటర్నెట్లో పన్ను కట్టని సిగరెట్లు ఆర్డరు పెట్టి పోస్టులో తెప్పించుకునేవాళ్లు, పిల్లల చేతికీ చేరేవి. దాన్ని ఆపడానికి 2010 మార్చి 31న ప్యాక్ట్ చట్టం మీద ఒబామా సంతకం పెట్టినాడు. జూన్ 29 నుంచి సిగరెట్లు, నమిలే పొగాకు ఆ దేశ తపాలాలో పంపడం బందు. సిగార్లను మాత్రం వదిలేసినారు. అక్కడ సిగార్లను చెక్కపెట్టెలో తేమ చూసుకుంటూ, మనం విత్తనం దాచినంత జాగ్రత్తగా మాగబెట్టుకునే సరదారాయుళ్లు చానామంది ఉన్నారు. వాళ్ల పార్సిళ్లు ఆగలేదు.

మరి సిగరెట్ అంటే ఏంది? పొగాకును కాగితంలో గాని, పొగాకు లేని ఇంకే వస్తువులో గాని చుడితే సిగరెట్ అని ఆ చట్టం మాట. మన బీడీకి పైన ఉండేది తునికాకు. అంటే ఆ లెక్కన బీడీ సిగరెట్టే, పోస్టుకు పనికిరాదు. లంక చుట్టకు లోపలా పొగాకే, పైనా పొగాకే కాబట్టి అది సిగార్ కిందికి వస్తుంది. పేదోని బీడీ ఒకవైపు, చుట్ట ఇంకోవైపు పడింది, అంతా పైన చుట్టిన ఆకును బట్టే. మన శెనక్కాయ చిక్కుడు జాతి మొక్క అయినా సర్కారు లెక్కలో నూనెగింజ అయినట్టు.

2016లో అక్కడి ఎఫ్‌డీఏ సిగార్లను కూడా తన రూళ్ల కిందికి తెచ్చుకుంది. వ్యాపారులు, తాగేవాళ్ల తరఫున సిగార్ రైట్స్ ఆఫ్ అమెరికా అనే సంఘం, అందరూ కలిసి కోర్టుకెక్కినారు. ఏడేండ్లు పట్టింది. 2023 ఆగస్టులో ప్రీమియం సిగార్ల వరకు ఆ రూలును కోర్టు కొట్టేసింది. ప్రీమియం అంటే చేత్తో చేయాలి, పైన నిండు పొగాకు ఆకు ఉండాలి, వాసన కలపకూడదు, వెయ్యి సిగార్ల బరువు 6 పౌండ్లు, అంటే సుమారు 2 కిలోల 700 గ్రాములు దాటాలి. ఒక్కొక్క మాటకూ ఒక వకీలు కష్టపడి ఉంటాడు.

మన దగ్గర 2003 చట్టం జాబితాలో పది రకాలున్నాయి. సిగరెట్, సిగార్, చుట్ట, బీడీ, ముక్కుపొడి, గుట్కా అన్నీ ఒకే గాటన కట్టినారు. ప్రకటన వేయకూడదు, 2016 నుంచి పెట్టె మీద 85 శాతం బొమ్మ, హెచ్చరికే ఉండాలి. ఆరోగ్యం కోసం అది సరే, నేను కాదనను. నాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. 1976 నుంచి గుంటూరులో పొగాకు బోర్డు ఉంది, వేలం ఉంది, కానీ అది వర్జీనియా పొగాకుకే. లంక ఆకు ఆ వేలంపాటకు రాదు. నిషేధం రాసేటప్పుడు చుట్ట పేరు గుర్తొచ్చింది, ధర కట్టేటప్పుడు గుర్తురాలేదు. అమెరికాలో తాగేవాడికి సంఘం ఉంది, లంకలో పండించేవాడు ఈ రోజుకూ వ్యాపారి చెప్పిన రేటుకే మోపు దించుతున్నాడు.

మీ ఇండ్లలో పెద్దోళ్లు లంక పొగాకు కాడలు కొన్న జ్ఞాపకాలుంటే రాయండి. ఏ సంతలో, ఎంతకు అనేది కూడా.