డౌన్‌రిగ్గర్ గాలపు కర్ర
డౌన్‌రిగ్గర్ గాలపు కర్ర అనగా పడవ నెమ్మదిగా సాగుచుండగా ఎరను నీటి లోతున లాగుతూ చేపలు పట్టుటకు వాడే కర్ర. డౌన్‌రిగ్గర్ అనునది పడవ అంచున బిగించే చక్రం. దాని తీగకు సాధారణంగా 4.5 నుండి 7 కిలోల గుండు వ్రేలాడుతుంది. గాలపు దారాన్ని ఆ తీగకు క్లిప్పుతో పట్టించి దింపుతారు. చేప ఎరను పట్టి లాగగానే దారం క్లిప్పు నుండి విడిపోతుంది.

కర్ర ఎంపికకు కీలకం ఈ క్షణమే. కర్రను ముందుగానే విల్లువలె వంచి, దారాన్ని బిగించి ఉంచుతారు. క్లిప్పు విడివడగానే కర్ర నిటారై, దారంలో ఏర్పడిన వదులును లాగివేస్తుంది. పొట్టిగా, బిరుసుగా ఉన్న కర్ర అంత వదులును అందుకోలేదు. చేప గాలం వదిలించుకొని పోతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా సముద్రతీరంలో సాల్మన్ చేపలకు ఎదురుముల్లు లేని గాలాలనే వాడవలెనని నియమం ఉన్నందున అక్కడ దారం వదులైతే నష్టం మరింత ఎక్కువ. కనుకనే అక్కడ సుమారు 10.5 అడుగుల పొడవుండి, మొదలు వరకు మెత్తగా వంగే కర్రలు వాడుకలోకి వచ్చాయి.

ఫైబర్‌గ్లాసు కర్ర కాస్త బరువే, అయినా గంటల తరబడి వంగి ఉండుటను బాగా తట్టుకుంటుంది. గ్రాఫైటు తేలికైనది, చేప కదలికను చేతికి చక్కగా తెలుపుతుంది. కాని పడవ అంచుకు తగిలి దెబ్బతింటే తరువాత హఠాత్తుగా విరగవచ్చు. రెండింటినీ కలిపి చేసిన మిశ్రమ కర్రలూ ఉన్నాయి. పైకప్పు ఉన్న చిన్న పడవలో పొడవాటి కర్రను త్రిప్పుట కష్టం, అటువంటి చోట 8.5 అడుగులది మేలు.