సిపాయి జీతం కింద పోయిన నేల

నల్గొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం ఉంది. 1289 నవంబరు నాటిది. కాకతీయ రాణి రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వారికి పుణ్యం కలగాలని పువ్వుల ముమ్మడి అనే బంటు దేవుడికి దానం చేసి దీన్ని వేయించాడు. రుద్రమ ఎప్పుడు మరణించిందో చరిత్రకారులకు తెలిసింది ఈ రాయి వల్లనే. దీన్ని మరోలా కూడా చదవాలి. ఒక మామూలు బంటు దానం ఇచ్చి, శాసనం చెక్కించగలిగే స్థితిలో ఉన్నాడు. కత్తి పట్టినవాడికి ఆ స్తోమత ఎక్కణ్ణుంచి వచ్చింది?

కాకతీయుల కాలంలో ఆ ప్రశ్నకు జవాబు నేల. రాజు నాయకుడికి కొన్ని ఊళ్ల ఆదాయం రాసిచ్చేవాడు. నాయకుడు ఆ ఆదాయంతో కాల్బలాన్ని, గుర్రపు దండును పోషించి, పిలుపు రాగానే తీసుకుపోవాలి. ఇదే నాయంకర పద్ధతి. దీనివల్ల సేనాని దృష్టి యుద్ధం మీద ఎంత ఉండేదో పంట మీదా అంతే ఉండేది. ఊళ్లో మాగాణి పెరిగితే ఆదాయం పెరుగుతుంది, ఆదాయం పెరిగితే బంట్లు పెరుగుతారు, బంట్లు పెరిగితే రాజు దగ్గర పరపతి పెరుగుతుంది. పాలంపేటలో 1213లో రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు గణపతిదేవుడి సేనాని. గుడి దగ్గరి చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది. తెలంగాణ మెట్టనేలల్లో చెరువుల నిర్మాణానికి భక్తి ఒక కారణమైతే, సైన్యాన్ని పోషించాల్సిన అవసరం మరో కారణం. ఈ రెండో కారణాన్ని మనం తక్కువగా చెప్పుకుంటాం.

1323లో ఓరుగల్లు పడిపోయింది. కాకతీయ వంశం పోయినా నాయకులు పోలేదు. దండూ నేలా రెండూ వాళ్ల చేతిలోనే ఉన్నాయి కనుక కొద్ది ఏళ్లలోనే ముసునూరి నాయకులు ఓరుగల్లును తిరిగి పట్టుకున్నారు. అద్దంకిలో, ఆ తర్వాత కొండవీటిలో రెడ్లు, రాచకొండలో వెలమలు రాజ్యాలు స్థాపించారు. విజయనగరం వారు ఈ పద్ధతినే అమరం పేరుతో విస్తరించారు. వారి ఖర్చులో పెద్ద భాగం గుర్రాలది. మేలుజాతి గుర్రాలు మన నేల మీద పుట్టేవి కావు, హొర్ముజు నుంచి ఓడల్లో రావాలి. రాయలు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడని నూనిజ్ రాశాడు. అందులో అతిశయోక్తి ఎంతున్నా, పడమటి తీరపు రేవుల కోసం రాజులు, పోర్చుగీసులతో స్నేహం కోసం కృష్ణదేవరాయలు అంత పట్టుదల ఎందుకు చూపారో ఈ లెక్క వల్ల తెలుస్తుంది. 1565లో రాక్షసి-తంగడి యుద్ధం తర్వాత రాజధాని పాడుబడింది. నేటి రాయలసీమలోని చిన్న నాయకులు పాలెగాళ్లుగా నిలిచారు. వాళ్ల కింద కట్టుబడి బంట్లు ఇనాం నేల సాగు చేసుకుంటూ, అవసరమైనప్పుడు ఈటెలు పట్టేవారు.

ఇంతవరకు జరిగిన కథలో సైనికుడికి ఇచ్చిన నేల ఊరి దగ్గరే, ఊరి మనుషుల చేతుల్లోనే ఉండిపోయేది. పద్దెనిమిదో శతాబ్దం నడుమ అది మారిపోయింది. ఐరోపా తరహాలో కవాతు చేసే సిపాయికి నెలనెలా రొక్కం జీతం కావాలి, ఇనాం కాదు. ఆ రొక్కం అప్పటికి ఈ నేలను ఏలుతున్న హైదరాబాద్ నిజాముల దగ్గర లేదు. నా దృష్టిలో ఆధునిక ఆంధ్ర, తెలంగాణ చరిత్రకు మూలం ఈ ఒక్క కొరతే.

1753లో నిజాం సలాబత్ జంగ్ తన వెంట ఉన్న ఫ్రెంచి దండు జీతభత్యాల కోసం దాని సేనాని బుస్సీకి నాలుగు సర్కార్లు రాసిచ్చాడు: ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం. సిపాయి జీతానికి బదులుగా ఇచ్చేది ఒక ఊరు కాదు, ఒక తాలూకా కాదు, చిలక సరస్సు వైపు వెళ్లే తీరమంతా. 1757 జనవరిలో బొబ్బిలి కోట మంటల్లో కాలిపోవడానికి ఉత్తరాంధ్రలోని విజయనగరం జమీందారు విజయరామరాజు పగ ఎంత కారణమో, కప్పం వసూలు కోసం ఉత్తరాదికి కదిలిన బుస్సీ దండు కూడా అంతే కారణం. తాండ్ర పాపారాయుడి శౌర్యం బుర్రకథల్లో, సినిమాల్లో నిలిచింది, నిలవాల్సిందే. ఆ దండు ఖర్చు మాత్రం కథలోంచి జారిపోయింది.

ఫ్రెంచివారిని ఇంగ్లీషువారు 1758లో చందుర్తి దగ్గర, మరుసటి ఏడు మచిలీపట్నంలో ఓడించారు. 1766లో ఈస్టిండియా కంపెనీ నిజాం అలీతో ఒప్పందం చేసుకుని సర్కార్లు తీసుకుంది. బదులుగా ఏటా కొంత సొమ్ము, అవసరమైతే సైన్యసాయం. 1788కి గుంటూరు కూడా చేరింది. 1794లో పద్మనాభం దగ్గర విజయనగరం జమీందారు కంపెనీ సిపాయిల చేతిలో చనిపోయాడు. పేష్కషు (కప్పం) బకాయిల దగ్గర మొదలైన తగాదా అది. సొంత దండు పెట్టుకునే హక్కు జమీందార్లకు క్రమంగా పోయింది. 1802లో శాశ్వతంగా పేష్కషు నిర్ణయించి, కత్తి లేని ఆ జమీందార్లను భూమికి యజమానులుగా నిలబెట్టారు.

నిజాం మిగతా రాజ్యంలోనూ ఇదే జరిగింది. 1798లో సైన్యసహకార ఒడంబడికకు ఒప్పుకొని, ఫ్రెంచి అధికారుల దళాన్ని రద్దు చేసి, 6 కంపెనీ పటాలాల కోసం ఏటా 24 లక్షల రూపాయలకు పైగా కట్టడానికి సమ్మతించాడు. రెండేళ్లకే రొక్కం బదులు నేల ఇచ్చేశాడు. 1792, 1799 మైసూరు యుద్ధాల్లో తనకు దక్కిన బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను 1800 అక్టోబరులో కంపెనీకి వదులుకున్నాడు. దత్తమండలం అలా పుట్టింది. దానికి రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభ తర్వాతే వ్యాపించింది.

మన్రో కలెక్టరుగా వచ్చేసరికి సీమలో 80 మంది పాలెగాళ్లున్నారు. అతను వాళ్ల దండ్లను విడగొట్టి, కొందరిని తరిమేసి, కొందరికి భరణం ఏర్పరచి, శిస్తును నేరుగా రైతు దగ్గర వసూలు చేశాడు. రైత్వారీ పద్ధతి ఇక్కడే రూపు దిద్దుకుంది. రైతుకు పట్టా వచ్చింది నిజమే, కానీ కట్టుబడి కుటుంబాల జీవనం పోయింది. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట వేలమంది నడిచారంటే, ఇనాం పోయిన కట్టుబడుల ఆకలి, అవమానం వాళ్లను నడిపించాయి. 1847 ఫిబ్రవరి 22న అతన్ని ఉరి తీశారు. అతని శౌర్యంతో పాటు ఆ బంట్ల పరిస్థితిని కూడా చెప్పినప్పుడే ఆ తిరుగుబాటు అర్థమవుతుంది.

తెలంగాణ నిజాం దగ్గరే మిగిలింది, దాంతో పాటు పాత జాగీర్లూ మిగిలాయి. పాయిగా అమీర్లు దండు పేరుతో పొందిన నేలలు, యుద్ధాలు లేని కాలంలో కూడా వాళ్లవే. పైగా కొత్త ఖర్చు వచ్చిపడింది. నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధి అయిన రెసిడెంటు రస్సెల్ ఇంగ్లీషు అధికారుల కింద పెంచిన దళం హైదరాబాద్ కంటింజెంటుగా మారింది. ఆజ్ఞలు రెసిడెన్సీవి, జీతాలు నిజాంవి. ఆ జీతాల కోసం పామర్ కంపెనీ అనే ప్రైవేటు వ్యాపార సంస్థ దగ్గర ఎక్కువ వడ్డీకి అప్పులు, అరబ్బు జమాదార్ల దగ్గర తాలూకాల తాకట్టు. 1853లో బకాయిల కింద బేరారు పోయింది. అదే ఏడు దివాను అయిన మొదటి సాలార్ జంగ్ తాకట్టు తాలూకాలను విడిపించి, జిల్లాలు ఏర్పరచి, శిస్తు గుత్తేదార్లను తొలగించాడు. దేశ్‌ముఖులకు వసూలు హక్కు పోయి భరణం వచ్చింది, నేలలు మాత్రం వాళ్ల గుప్పిట్లోనే ఉన్నాయి. ఊళ్లలో వెట్టి వాళ్ల నీడలోనే పెరిగింది. 1940లలో నల్గొండ, వరంగల్లు రైతులు ఆయుధం పట్టింది ఆ నేల కోసమే. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాద్ రాజ్యాన్ని ముగించింది. జాగీర్ల రద్దు 1949 ఆగస్టులో వచ్చింది.

సర్కార్లలో జమీందారీ, సీమలో రైత్వారీ, తెలంగాణలో జాగీరు. ఈ మూడు తీర్లు మూడు ప్రాంతాల మనుషుల స్వభావం వల్ల వచ్చినవి కావు. ఒకే రాజ్యం, సిపాయికి జీతం ఇవ్వలేక, వేర్వేరు ఏళ్లలో వేర్వేరు షరతుల మీద వదులుకున్న, మిగుల్చుకున్న నేలలవి. మన పిల్లల పుస్తకాల్లో బొబ్బిలికి, పద్మనాభానికి, కోయిలకుంట్లకు ఉన్న చోటులో సగమైనా 1753, 1798, 1800, 1853 ఒప్పందాలకు ఇవ్వండి. పాఠ్యపుస్తకాలు రాసేవారికి ఇదే నా విన్నపం.