కాంటెస్సాకు ప్లాస్టిక్ పొట్ట

హిందుస్థాన్ మోటార్స్ వారి కాంటెస్సా 1984లో వచ్చినప్పుడు మన రోడ్లమీద అదో జమీందారు. తర్వాత జపాను ఇసుజు ఇంజను తగిలించారు. ఇక దానికి పట్టపగ్గాల్లేవు. 2002లో తయారీ ఆగిపోయింది.

నంద్యాలలో మా మిత్రుడి దగ్గర ఇప్పటికీ ఒకటుంది. ఇంజను నిక్షేపంలా ఉంది గానీ, రేకు ట్యాంకుకే తుప్పు. గాలిలోని చెమ్మ నీరై, పెట్రోలుకన్న బరువు గనక అడుక్కి చేరి, లోపల్నుంచే తినేస్తుంది. అతుకు వేయిద్దామా అంటే, చూశారూ, నిండు ట్యాంకుకన్నా ఖాళీదే గండం. మిగిలిన ఆవిరికి నిప్పురవ్వ ఒక్కటి చాలు!

ఆళ్లగడ్డ మేస్త్రీ కొత్తకాలపు కారు ప్లాస్టిక్ ట్యాంకు తెచ్చాడు. 1973 నాటి జర్మనీ కారు ఫోక్స్‌వాగన్ పసాట్‌తో వాడుకకెక్కిన రకం. తుప్పు బెడద లేదు.

"పట్టీలు కొత్తగా చేసుకోవాల సార్. సైలెన్సరు వేడి తగల్నీకుండా రేకు అడ్డం పెట్టాల" అన్నాడు. అన్నట్టే చేశాడు. తీరా చూస్తే గేజీ ముల్లు కదలదు! రేకు ట్యాంకయితే కరెంటు దాని ఒంటిగుండానే బాడీకి చేరేది. ప్లాస్టిక్‌లో పారదు గదా. విడిగా ఓ ఎర్తు తీగ లాగాడు. ముల్లు లేచింది గానీ, సగానికే నిండినట్టు చూపింది. లోపలి బంతి కాడ వంచి, అయిదేసి లీటర్లు పోస్తూ సరిచూశాడు. శిల్పుల ఊరివాడు లెండి, కొలత తప్పనిస్తాడా?

తిరుగుదారి సుమారు 40 కిలోమీటర్లు. మావాడు మాత్రం ముల్లును నమ్మక, కనబడ్డ ప్రతి బంకు దగ్గరా ఆపాడు.